పొరపాటు నాణేలు చూసే ఆవిడ

టుకుంకారి, న్యూ మెక్సికో
మార్చి 6, 1995

కుమారి వెర్నా హాగ్‌లండ్ గారికి,

పొరపాటు నాణేల సంఘం వారి పత్రికలో మీ చిరునామా చూసి రాస్తున్నాను. టంకశాలలో తప్పుగా తయారై, ఎవరి కంటా పడకుండా జనం జేబుల్లోకి వచ్చేసిన నాణేలను మీరు పరీక్షించి, ధర కట్టి, సంతకం పెట్టిన చీటీ ఇస్తారట. మీ చీటీ ఉంటే వ్యాపారులు మారుమాట లేకుండా కొంటారట.

నాకు ఇక్కడ లాండ్రీ ఉంది. జనం పావు డాలరు బిళ్ళలు వేసి వాళ్ళ బట్టలు వాళ్ళే ఉతుక్కుని, ఆరబెట్టుకుని పోతుంటారు. రోజూ మిషన్ల డబ్బాల్లోంచి చిల్లర తీయడం నా పని. తొమ్మిదో నంబరు డ్రైయర్ కింద ఊడుస్తుంటే ఇది దొరికింది. మామూలు పావు డాలరు కంటే చిన్నది. అంచు చూడండి, చొక్కా చేతిని మడిచి కుట్టినట్టు ఎంత లావుగా ఉందో! ఇలాంటిది నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

మా ఖాతాదారు ఎలోయిసా బాకా దీన్ని చూసి ఏమందంటే, "అమ్మేసి కాలిఫోర్నియా చెక్కేస్తావు కాబోలు ప్రూయిట్, ముందా మూడో మిషను బాగుచెయ్యి. నా దుప్పట్లు నమిలేస్తోంది."

రుసుమూ, తిరుగు తపాలా బిళ్ళలూ జత చేశాను. ధర ఎంతైనా తట్టుకోగలను, దాచకుండా చెప్పండి.

భవదీయుడు,
డెల్‌బర్ట్ ప్రూయిట్


టూ హార్బర్స్, మిన్నెసోటా
మార్చి 17, 1995

ప్రూయిట్ గారికి,

మీ నాణేన్ని ఇలా తయారుచేసింది టంకశాల కాదు, మీ తొమ్మిదో నంబరు డ్రైయర్.

ఎవరి జేబులోంచో జారి, డ్రమ్ము రెక్కల సందులో పడి, నెలల తరబడి లోపలే దొర్లుతూ ఉండిపోయింది. దొర్లినకొద్దీ అంచు దెబ్బలు తిని లోపలికి ముడుచుకుంటుంది, నాణెం చిన్నదవుతుంది. ఇలాంటివి ఏటా నాకు వస్తూనే ఉంటాయి. పంపినవాళ్ళందరూ కొండంత ఆశతో పంపుతారు. అయితే డ్రైయర్ యజమానే స్వయంగా పంపడం మాత్రం ఇదే మొదలు.

దీని ధర పావు డాలరు. మిషనులో వేస్తే ఇరుక్కుపోతుంది గనుక ఆ పావు డాలరు కూడా చేయదేమో.

మీ రుసుము తిప్పి పంపుతున్నాను. చాలాకాలం తర్వాత వంటింట్లో ఒక్కదాన్నే బిగ్గరగా నవ్వాను. దానికి నేనే మీకు బాకీ పడతాను.

వెర్నా హాగ్‌లండ్

తా.క. శ్రీమతి బాకా గారి మాట వినండి. మూడో మిషను బాగుచేయండి.


టుకుంకారి
ఏప్రిల్ 9, 1995

హాగ్‌లండ్ గారికి,

మీ ఉత్తరం కొట్టులో అందరికీ చదివి వినిపించాను. మొహం చెల్లక కాసేపు సబ్బుపొడి సర్దుతున్నట్టు నటించాను గానీ, చివరికి నాకూ నవ్వాగలేదు. డ్రమ్ము విప్పి చూస్తే లోపల ఇంకో రెండు ఉన్నాయి. వాటిని పంపనులెండి.

ఇది మాత్రం చూడండి. అంచున ఎవరో బిస్కెట్టు కొరికినట్టు గుండ్రంగా ఒక ముక్క లేదు. ఈసారి డ్రైయర్ మీద ఒట్టు, ఇది చిల్లర డబ్బాలోనే దొరికింది.

రుసుము పంపుతున్నాను. ఈసారి నవ్వినా తిప్పి పంపకండి.

డెల్‌బర్ట్ ప్రూయిట్


టూ హార్బర్స్
ఏప్రిల్ 21, 1995

ప్రూయిట్ గారికి,

అసలైనదే. అభినందనలు.

1974 నాటిది, ఫిలడెల్ఫియా టంకశాల. లోహపు రేకు మీంచి బిళ్ళలు కోసేటప్పుడు రేకు సరిగ్గా జరగకపోతే, కోత అప్పటికే ఉన్న కంత మీద పడుతుంది. అప్పుడు బిళ్ళకు ఇలా గాటు వస్తుంది. ఆకురాయితోనో కత్తెరతోనో గాటు పెట్టి పంపేవాళ్ళూ ఉన్నారు, కానీ వాళ్ళు ఒకటి మరిచిపోతారు. అసలైన నాణెంలో గాటుకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా పలచబడి ఉంటుంది. అటువైపు ఒత్తడానికి ఇటువైపు లోహం లేదు కదా! మీ నాణెం తిప్పి చూడండి, కనిపిస్తుంది. ధర పదిహేను డాలర్లు.

మోసాల సంగతి వచ్చింది గనుక చెబుతున్నాను. కొందరు రెండు నాణేలను ఇనుప ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచే వైస్ దవడల మధ్య బిగించి ఒకదాని బొమ్మ ఇంకోదాని మీద దిగేలా చేస్తారు. వాటిని నేను కవరులోంచి తీస్తూనే పట్టేస్తాను. అలాంటివారికి రాసే ఉత్తరాల్లో నా భాష ఏమంత మర్యాదగా ఉండదు.

ముప్పై ఏళ్ళు బ్యాంకు కౌంటర్లో కూర్చుని చిల్లర లెక్కపెట్టాను. అక్కడే ఈ పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు ఉదయం డ్వేన్ వస్తాడు, మా పోస్ట్‌మ్యాన్. "వెర్నా, నీ అభిమానులు మళ్ళీ రాశారు" అంటూ కవర్లు బల్ల మీద పడేసి, కాఫీ తాగి పోతాడు. నా ఇంటి తలుపు తట్టేది అతనొక్కడే. అందుకని వచ్చిన ప్రతి నాణేన్నీ మర్యాదగానే చూస్తాను.

వెర్నా హాగ్‌లండ్


టుకుంకారి
ఆగస్టు 27, 1995

వెర్నా గారికి,

పేరు పెట్టి రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇన్ని ఉత్తరాలయ్యాక "హాగ్‌లండ్ గారు" అంటే కరెంటు ఆఫీసుకు రాస్తున్నట్టు ఉంది.

కొట్టు బాగా పడిపోయింది. ఊరి చివర కట్టిన అపార్ట్‌మెంట్లలో ఇంటింటికీ మిషన్లు పెట్టారు. ఇప్పుడు వచ్చేది బాకా గారూ, హైవే మీద ఆగిన లారీవాళ్ళూ. మధ్యాహ్నాలు నేనూ, తిరగని మిషన్లూ మిగులుతాం. అప్పుడు భూతద్దం తీసుకుని చిల్లర ముందేసుకుంటాను. దొరికితే మీకు రాయొచ్చు కదా అని చూస్తాను. నిజం చెప్పాలంటే ధర మీద ధ్యాస నాకెప్పుడో పోయింది. నాకు ఉత్తరం రాసే మనిషి ఈ భూమ్మీద మీరొక్కరే.

బొమ్మ పక్కకు జరిగిపోయిన పది సెంట్ల బిళ్ళ ఒకటి పంపుతున్నాను. ఏ సంవత్సరానిదో, ఏ టంకశాలదో ఎప్పటిలాగే వివరంగా రాయండి.

ఒక మాట. మీ పోయిన ఉత్తరంలో రెండు వరుసలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. ఒంట్లో బాగానే ఉంది కదా?

డెల్‌బర్ట్


టూ హార్బర్స్
అక్టోబరు 15, 1995

డెల్‌బర్ట్ గారికి,

అసలైనదే. బొమ్మ బాగా జరిగింది. బరువు సరిపోయింది. ధర ఇరవై డాలర్లు.

ఒంట్లో బాగానే ఉంది. బల్ల దీపం పాడైంది, కొత్తది కొనాలి. మా అక్క కూతురు కారిన్ డులూత్ నుంచి వచ్చి, "పిన్నీ, ఈ నాణేల గోల ఎన్నాళ్ళు? మాతో వచ్చి ఉండు" అని ఒకటే నస. నా పని నాకుందని చెప్పి పంపేశాను.

వెర్నా


టుకుంకారి
జనవరి 3, 1996

వెర్నా గారికి,

మీ ఉత్తరాలు ఈమధ్య బాగా చిక్కిపోయాయి. సంవత్సరం లేదు, టంకశాల లేదు, నా మీద ఒక్క విసురూ లేదు. నేనేమైనా విసిగించానేమో అనుకుని రెండు నెలలు ఏమీ పంపలేదు. కొత్త సంవత్సరం నాడు కొట్లో ఒక్కడినే కూర్చుని, మీ మొదటి ఉత్తరం మళ్ళీ చదువుకున్నాను. అలాంటి తిట్లు ఇంకోసారి తినాలనిపించింది.

అందుకే ఇది పంపుతున్నాను. ఎక్కడ దొరికిందో నేను చెప్పను, చూస్తే నాణెమే చెబుతుంది. మీరు నవ్వినా సరే, పెన్ను విరిగేలా తిట్టినా సరే, రెండు పేజీలకు తగ్గకూడదు. రుసుము పంపడం లేదు, ఎందుకో మీకే తెలుస్తుంది. బాకా గారు మీ జవాబు వినడానికి ఇప్పటినుంచే కుర్చీ వేసుక్కూచున్నారు.

డెల్‌బర్ట్


టూ హార్బర్స్
జనవరి 19, 1996

డెల్‌బర్ట్ గారూ,

తిట్లు అడిగారు. క్షమించండి, ఇవ్వలేను. మీరు పంపినది ఎలాంటిదో మీకు తెలిసినట్టు లేదు.

ఒక్కోసారి అచ్చు పడిన నాణెం కిందికి జారకుండా అచ్చుకే అంటుకుపోతుంది. తర్వాత వచ్చిన బిళ్ళ మీద ఆ నాణెమే ముద్ర వేస్తుంది. అప్పుడు అక్షరాలు పైకి ఉబ్బకుండా లోపలికి దిగి, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. మీ పావు డాలరు మీద అక్షరాలు ఎంత లోతుగా దిగాయో! వేలు పెడితే ఆగిపోతోంది. బరువు కూడా సరిగ్గా ఉంది. ఇన్నేళ్ళలో ఇంత మంచిది నా బల్ల మీదికి రాలేదు.

నాలుగు వందల డాలర్లకు తక్కువైతే ఎవరికీ ఇవ్వకండి. చీటీ మీద సంతకం పెట్టి జతచేస్తున్నాను. సంఘం పత్రిక వసంత సంచికలో మొదటి వ్యాసం దీని మీదే రాస్తానని సంపాదకుడికి ఫోన్లో చెప్పాను. ఫోటో కోసం నాణేన్ని కొన్నాళ్ళు నా దగ్గరే ఉంచుకుంటాను. మీ పేరు అచ్చులో చూసుకోండి.

నాకు చాలా సంతోషంగా ఉంది, డెల్‌బర్ట్ గారూ. ఈ శీతాకాలం నాకు ఏమంత మంచిగా గడవలేదు. మీ కవరు వచ్చాక బాగుంది.

వెర్నా


టుకుంకారి
జనవరి 27, 1996

వెర్నా గారికి,

దయచేసి ఆ వ్యాసం ఆపించండి. ఎందుకని ఇప్పుడే అడగవద్దు. నాణేన్ని ఒక్కసారి కిటికీ దగ్గర, మంచి వెలుతురులో చూడండి. రంగు చూడండి. ఆ అక్షరాలు ఏమిటో చదవండి.

కొత్త దీపం కొన్నారా?

డెల్‌బర్ట్


టూ హార్బర్స్
ఫిబ్రవరి 5, 1996

ప్రూయిట్ గారికి,

మీ కొట్టు చిల్లర డబ్బాలో ఏడాది చెయ్యి పెట్టి మీరు నాకు పాఠాలు చెప్పేంతవారయ్యారని తెలియదు.

ఇరవై ఏళ్ళుగా దేశంలో నలుమూలల నుంచీ మనుషులు నన్ను నమ్మి నాణేలు పంపుతున్నారు. నా సంతకం ఒక్కటైనా తప్పని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఏ వ్యాపారి అయినా మిమ్మల్ని కలిసి, ధర తక్కువ చెప్పి మనసు విరిచాడేమో నాకు తెలియదు. కావలిస్తే అతనికే అమ్ముకోండి. వ్యాసం ఆగదు. ఈ నెలాఖరున అచ్చుకు వెళుతుంది.

దీపం కొన్నాను. అడిగినందుకు ధన్యవాదాలు.

వెర్నా హాగ్‌లండ్


టుకుంకారి
ఫిబ్రవరి 12, 1996

వెర్నా గారూ,

ఈ ఉత్తరం రాయకుండా తప్పించుకోవాలని చూశాను. కుదరలేదు.

ఆ నాణేన్ని నేనే చేశాను. పావు డాలరును గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి మెత్తబరచి, ఒక ఉతుకు ఉచితమని ఇచ్చే నా కొట్టు టోకెన్‌ను దాని మీద పెట్టి, వెనక తోలు ముక్క అడ్డం వేసి, మిషన్లు బాగుచేసే వైస్‌లో బిగించాను. మంటకు అది నల్లగా, నీలంగా మాడిపోయింది. నాణెం మీద తిరగబడి ఉన్న అక్షరాలు నా పేరే. కింద "ఒక ఉతుకు" అని కూడా ఉంది. నమ్మకపోతే ఎవరిచేతనైనా అద్దం ముందు పట్టి చదివించండి.

మీ చేతికి రాగానే పగలబడి నవ్వుతారనుకున్నాను. వైస్ బిగించేవాళ్ళకు రాసే ఆ మర్యాద లేని ఉత్తరం నాకూ ఒకటి వస్తుందనుకున్నాను. నేను కోరుకున్నది అంతే. బదులుగా మీ చీటీ వచ్చింది. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. దీపం కాదు. సంవత్సరాలు రాయడం ఎందుకు మానేశారో, వరుసలు ఎందుకు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయో తెలిసింది.

చీటీ తీసుకుని బాకా గారి దగ్గరికి వెళ్ళాను. "నోరు మూసుకుని ఊరుకో ప్రూయిట్. ఆ ముసలామెకు ఉన్నది అదొక్కటే కదయ్యా!" అంది. నాకూ అలాగే చేయాలని ఉంది. చెబితే మీ పని పోతుంది, మీ ఉత్తరాలూ పోతాయి. కానీ చెప్పకపోతే ఆ వ్యాసం అచ్చవుతుంది, ఫోటోలో నా కొట్టు పేరు చూసి దేశమంతా నవ్వుతుంది. మీరు నాతో కలిసి నవ్వాలని చేశాను గానీ, మిమ్మల్ని చూసి ఎవరో నవ్వాలని కాదు. పైగా మీ సంతకం నమ్మి ఎవడో ఎక్కడో డబ్బు పోసి కొంటాడు. అది మీరు భరించలేరని నాకు తెలుసు.

మీ చీటీ చింపేశాను. నన్ను క్షమించకపోయినా ఫరవాలేదు.

డెల్‌బర్ట్


టూ హార్బర్స్
మార్చి 2, 1996

డెల్‌బర్ట్ గారికి,

మీ ఉత్తరం చదవడానికి నాకు ఒక పగలంతా పట్టింది. పెద్ద భూతద్దం కింద ఒక్కో అక్షరం పట్టుకుని, పదం కూడగట్టుకుని చదువుతాను. మీ ఉత్తరాలన్నీ వేసవి నుంచీ అలాగే చదివాను. జవాబులు ఎందుకు చిక్కిపోయాయని అడిగారు. చదివేసరికే నా ఓపిక అయిపోయేది.

ఎటు చూస్తే సరిగ్గా అక్కడే ఏమీ ఉండదు. చుట్టూ మాత్రం మసకగా ఉంటుంది. పక్కకు చూస్తే రేవులో ఓడ మీద పేరు చదవగలను, చేతిలో నాణెం మీది సంవత్సరం చదవలేను. ఇది బాగయ్యేది కాదని డాక్టరు చెప్పేశాడు. ఎవరికీ చెప్పలేదు. వేళ్ళతో తడిమి, ముళ్ళ త్రాసులో తూచి నెట్టుకొచ్చాను. వేళ్ళు చాలాసార్లు నిజమే చెప్పాయి. అందుకే ఇంకొన్నాళ్ళు, ఇంకొన్నాళ్ళు అనుకున్నాను.

మర్నాడు డ్వేన్ వచ్చినప్పుడు నాణెం అతని చేతిలో పెట్టాను.

"ఇదేంటి వెర్నా, ఇలా మాడిపోయిందేంటి?"

"హాల్లో అద్దం ముందు పట్టుకో. ఏముందో చదువు."

కాసేపటికి అతని నవ్వు వినిపించింది. "ప్రూయిట్ లాండ్రీ, ఒక ఉతుకు! ఎవడీ ప్రూయిట్? భలే కొంటెవాడే!"

నేను నవ్వలేదు. అతను హాల్లోంచి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"వెర్నా... నీకిది కనపళ్ళేదా?"

అతను కాఫీ తాగకుండానే చాలాసేపు కూర్చున్నాడు.

సంపాదకుడికి అప్పుడే ఫోన్ చేశాను. వ్యాసం ఆగింది. నా పేరు పత్రికలోంచి తీసేయమన్నాను. నిరుడు వేసవి తర్వాత నా చీటీ అందుకున్న ప్రతి ఒక్కరికీ, ఆ చీటీ చెల్లదని, ఇంకొకరికి చూపించుకోమని రాస్తున్నాను. కారిన్ వచ్చి టైపు చేస్తోంది, సంతకాలు నావి. చేతిలో పెన్ను ఉండగా ఇంత సిగ్గు నాకెప్పుడూ కలగలేదు.

మీ మీద కోపం ఉందా అంటే ఉంది. మీరు చెప్పకుండా ఉంటే ఇంకా ఎక్కువ ఉండేది. మీ తమాషా మంచిదే, డెల్‌బర్ట్. నిరుడు పంపి ఉంటే వారం రోజులు నవ్వుకునేదాన్ని, రెండు పేజీలు తిట్టేదాన్ని. దాన్ని చూడలేకపోయానన్నదే నాకు అన్నిటికంటే బాధగా ఉంది.

ఇక నాణేలు పంపకండి. ఉత్తరాలూ వద్దు. డ్వేన్ చదివిపెడతానన్నాడు గానీ, నాకు వచ్చిన ఉత్తరం ఇంకొకరి నోట వినడం నాకు చేతకాదు. ఇక్కడ ఇప్పుడు కవర్లు రావడం లేదు. డ్వేన్ అయినా తలుపు తడుతున్నాడు, కరపత్రాలు ఇచ్చే నెపంతో. అవి ఏమిటో అతను చెప్పడు, నేను అడగను.

వెర్నా


టుకుంకారి
మార్చి 14, 1996

వెర్నా గారూ,

కవరు తడమకండి.
ఇందులో నాణెం లేదు.

కొట్టులో బోర్డులు రాసే
లావు మార్కరుతో రాస్తున్నాను.
కాగితానికి
నాలుగు మాటలే పడుతున్నాయి.

ఎవరికీ ఇవ్వకండి.
పక్కకు చూస్తూ మీరే చదవండి.
ఎంతసేపైనా పట్టనివ్వండి.

ఇవాళ ఇక్కడ గాలి ఎక్కువ.
బాకా గారు కూడా రాలేదు.
ఒక్క మిషనూ తిరగలేదు.

మీకు చెప్పాలనిపించింది.

డెల్‌బర్ట్